తనిఖీ నివేదిక మా ఊరికి చేరాలి

అణుశక్తి నియంత్రణ మండలి అధ్యక్షులవారికి,
నియామక్ భవన్, అణుశక్తి నగర్, ముంబయి.

ఆర్యా,

మాది శ్రీకాకుళం జిల్లా. కొవ్వాడ పేరు మీ ఫైళ్ళలో ఎంతో కాలంగా నలుగుతున్నదే కాబట్టి మా ప్రాంతం గురించి మీకు వేరే చెప్పనక్కర్లేదు. రణస్థలం మండలంలో సముద్రం ఒడ్డున ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు కట్టాలన్నది ప్రతిపాదన. భూసేకరణ, పరిహారం, పునరావాస కాలనీ... మా ఊళ్ళలో పదేళ్ళకు పైగా ఇవే మాటలు. ప్లాంటు కావాలా వద్దా అన్న వాదన ఈ లేఖలో ఎత్తను. అది ఢిల్లీతోనూ అమరావతితోనూ తేల్చుకోవలసిన సంగతి. మిమ్మల్ని అడగవలసింది వేరే ఉంది. కట్టిన తరువాత దాన్ని తనిఖీ చేసేది మీరు. తనిఖీలో ఏం చూశారో, ఏం రాశారో దాని పక్కన బతికేవాళ్ళకు తెలుస్తుందా?

నా విన్నపం మొదట్లోనే చెప్పేస్తాను. మీరు లైసెన్సు ఇచ్చిన ప్రతి అణు స్థావరంలో మీ ఇన్‌స్పెక్టర్లు రాసే తనిఖీ నివేదికను జనం చదువుకునేలా బయట పెట్టండి. దేశ భద్రత కోసం దాచక తప్పని వాక్యాలుంటే అవి మాత్రం తీసెయ్యండి. నివేదికను ఆ స్థావరం చుట్టుపక్కలవాళ్ళ భాషలో కూడా ఇవ్వండి.

ఇప్పుడే అడగడానికి కారణం ఉంది. మీ మండలి 1983 నవంబరు 15న రాష్ట్రపతి ఉత్తర్వుతో ఏర్పడింది. ఉత్తర్వుతో పుట్టినదాన్ని ఇంకో ఉత్తర్వుతో మార్చవచ్చు, కుదించవచ్చు. కుదించారు కూడా. 2000లో భాభా అణు పరిశోధన కేంద్రాన్ని మీ పరిధి నుంచి తప్పించి, దాని భద్రతను దాని లోపలి ఏర్పాటుకే అప్పగించారు. మీరు ఇన్నాళ్ళూ నివేదించుకున్నది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. రియాక్టర్లు నడిపే ఎన్‌పీసీఐఎల్ ఉన్నది ఆ శాఖ కిందే. తప్పు పట్టవలసినవాళ్ళూ పట్టుబడవలసినవాళ్ళూ ఒకే ఇంటివాళ్ళయితే ఎలా అని కాగ్ అడిగింది, పార్లమెంటు ప్రజా పద్దుల సంఘం అడిగింది, 2015 మార్చిలో మీ ఆహ్వానం మీదే వచ్చిన అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బృందం కూడా మిమ్మల్ని చట్టబద్ధంగా స్వతంత్రం చేయమని ప్రభుత్వానికి చెప్పింది. అలా స్వతంత్రం చేసేందుకని అంతకుముందే 2011 సెప్టెంబరులో లోక్‌సభకు వచ్చిన అణు భద్రతా నియంత్రణ ప్రాధికార సంస్థ బిల్లు 2014లో సభ రద్దుతో మురిగిపోయింది. చివరికి 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త అణుశక్తి చట్టం ‘శాంతి’తో మీకు చట్టం అండ దొరికింది.

అదే చట్టం ప్రైవేటు కంపెనీలకు కూడా ఈ రంగంలో తలుపు తెరిచింది. 2047 నాటికి 1,00,000 మెగావాట్లు అన్నది ప్రభుత్వ లక్ష్యం. అణు విద్యుత్తులో ఇన్నాళ్ళూ మీరు చూసింది ప్రధానంగా ప్రభుత్వ సంస్థలనే. ఇకపై లాభనష్టాల లెక్క చూసుకునే కంపెనీలు, తొందరపడే రాష్ట్ర ప్రభుత్వాలు, చిన్న రియాక్టర్లను ఫ్యాక్టరీ ఆవరణలోనే పెట్టుకుంటామనేవాళ్ళు మీ గడప తొక్కుతారు. మీ మీద ఒత్తిడి పెరుగుతుందే గాని తగ్గదు. చట్టంలో మీ పేరు రాసినంత మాత్రాన ఆ ఒత్తిడికి తట్టుకునే బలం వచ్చేయదు. పైగా మీ సభ్యుల ఎంపికలో అణుశక్తి కమిషన్‌కు పాత్ర అలాగే ఉంచారు. మీకు అసలైన అండ జనమే కాగలరు. మీ ఇన్‌స్పెక్టరు రాసిన మాట ఊళ్ళో పదిమందికి తెలిస్తే దాన్ని పైనుంచి ఎవరూ చెరిపెయ్యలేరు.

తనిఖీ ఎంత చిన్న విషయాన్ని పట్టుకోవాలో నరోరా చెబుతుంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా ఒకటో యూనిట్‌లో టర్బైన్ బ్లేడ్లు విరిగాయి. ఆ అదురుకు జనరేటర్లోని హైడ్రోజన్ బయటికొచ్చి అంటుకుంది. నిప్పు కేబుళ్ళకు పాకింది. మామూలు కరెంటు తీగలూ, అది పోతే ఆదుకోవలసిన అత్యవసర కరెంటు తీగలూ ఒకే దారిలో, మధ్యలో నిప్పును ఆపే అడ్డు లేకుండా వేసి ఉండటంతో రెండూ కలిసే కాలిపోయాయి. దాదాపు 17 గంటలు ప్లాంటులో కరెంటు లేదు. కంట్రోల్ రూమ్‌లోకి పొగ కమ్మింది. ఆ చీకట్లో కొందరు ఉద్యోగులు టార్చిలైట్లు పట్టుకుని రియాక్టరు భవనం పైకి ఎక్కి, బోరాన్ ద్రావణాన్ని దింపే వాల్వులను చేత్తో తిప్పారు. అణు చర్య మళ్ళీ మొదలుకాకుండా ఆ ద్రావణమే భరోసా. రేడియేషన్ బయటికి రాలేదు. వాళ్ళ తెగువకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ తీగల మధ్య అడ్డు లేదన్న సంగతి కనిపెట్టడానికి తెగువ అక్కర్లేదు. ప్లాంటు మంచిగా నడుస్తున్న ఏదో ఒక రోజు ఒక ఇన్‌స్పెక్టరు ఆ దారివెంట నడిచి, వంగి చూసి, కాగితం మీద రెండు వాక్యాలు రాసి, సరిచేసేదాకా వదలకపోతే చాలు. మీ ఉద్యోగం విలువ నాకు అక్కడ కనిపిస్తుంది.

నరోరా జరిగిన ఏడాదే మీ మండలికి అధ్యక్షులుగా వచ్చిన డాక్టర్ ఎ. గోపాలకృష్ణన్ ఆ పనే చేశారు. దేశంలోని అణు స్థావరాల్లో సరిచేయవలసిన 130 భద్రతా సమస్యలతో 1995లో ఒక పత్రం తయారు చేయించారు. అందులో ఏముందో మాకు చెప్పండని పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ కోర్టుకెక్కింది. 1962 అణుశక్తి చట్టం 18వ సెక్షన్ చూపించి ప్రభుత్వం కాదంది. 2004 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వం మాటే నిలబెట్టింది. ఆ 130లో ఎన్ని సర్దుకున్నాయో మీ కార్యాలయంలో లెక్క ఉండే ఉంటుంది. సర్దుకుని ఉంటే అది మీకు గర్వకారణమే కదా, ముప్ఫై ఏళ్ళ తరువాత కూడా చెప్పుకోవడానికి అడ్డేమిటి? కొత్త చట్టంలోనూ సమాచారాన్ని గోప్యమని ప్రకటించే అధికారం కేంద్రం చేతిలోనే ఉంది. ఆ అధికారాన్ని ఎంత పొదుపుగా వాడాలో సలహా ఇవ్వగల స్థానంలో ఇప్పుడు మీరున్నారు.

మీరు ఏమీ చెప్పరని నేననడం లేదు. 2016 మార్చి 11న, ఫుకుషిమాకు సరిగ్గా ఐదేళ్ళు నిండిన రోజున, గుజరాత్‌లోని కాక్రపార్ ఒకటో యూనిట్‌లో భారజలం కారింది. మీరు పత్రికా ప్రకటనలిచ్చారు. కారణం తేలేదాకా ప్లాంటు నడపనివ్వలేదు. ప్రెషర్ ట్యూబును బయటివైపు నుంచి తుప్పు తినేసిందనీ, ట్యూబు చుట్టూ తిరిగే కార్బన్ డయాక్సైడ్ వాయువులో చేరిన మలినాలే అందుకు కారణమనీ దర్యాప్తులో తేలింది. ఆ ట్యూబులుండే మొత్తం 306 చానళ్ళూ మార్చాకే, 2019లో ఆ యూనిట్ మళ్ళీ నడిచింది. ఆ కథనం చదువుతుంటే మీ మీద నమ్మకం పెరిగింది. మా తెలుగువాళ్ళకు అందులో ఇంకో ఆసక్తి కూడా ఉంది. ఇలాంటి ట్యూబులూ, రియాక్టర్లలో పేర్చే ఇంధన కట్టలూ తయారయ్యేది హైదరాబాద్ మౌలాలి దగ్గరి న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. ఈసీఐఎల్ చౌరస్తాలో సిటీ బస్సు దిగే జనంలో ఎందరి ఇళ్ళలో అక్కడి ఉద్యోగులున్నారో! ప్రమాదం జరిగినప్పుడు ఇంత విడమరిచి చెప్పగలిగిన మీరు ప్రమాదం జరగని రోజుల తనిఖీలను కూడా అలాగే చెప్పవచ్చు. ఇప్పుడు మీ వార్షిక నివేదిక తెరిస్తే ఏ రకం స్థావరాల్లో ఎన్ని తనిఖీలు జరిగాయో తెలుస్తుంది. ఫలానా స్థావరంలో ఫలానా తారీఖున ఏ లోపం కనబడింది, ఎప్పటిలోగా సరిచేయమన్నారు, గడువు దాటిందా అన్నది మాలాంటి చదువరికి దొరకదు. మాకు కావలసింది అదే.

మా తెలుగు ప్రాంతాల్లో మీ పరిధిలో ఉన్నవన్నీ రియాక్టర్లు కావు. గోదావరి ఒడ్డున మణుగూరు దగ్గర అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది. అక్కడ భయపడవలసింది రేడియేషన్‌కు కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్‌కు. కుళ్ళిన గుడ్ల వాసనొచ్చే ఈ వాయువు గాలిలో కొంచెంగా ఉంటే ముక్కు పసిగడుతుంది. మోతాదు మించితే ముక్కే మొద్దుబారి వాసన తెలియదు, మనిషి కూలిపోతాడు. అణుశక్తి శాఖ కర్మాగారాల్లో కార్మికుల భద్రతా నియమాలను అమలు చేసేది కూడా మీరే కాబట్టి ఆ పైపులు, వాల్వులు, సైరన్లు అన్నీ మీ ఇన్‌స్పెక్టర్ల చూపు కింద ఉండవలసినవే. సైరన్ మోగితే గాలి ఎటు వీస్తుందో చూసుకుని దానికి అడ్డంగా పక్కకు వెళ్ళాలన్న సంగతి చుట్టుపక్కల ఊళ్ళలో చివరిసారిగా ఎప్పుడు సాధన చేయించారు, అందులో ఏం లోటు కనబడింది? ఇది అశ్వాపురం పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించదగిన సమాచారం. ఇందులో దాచవలసిన రహస్యం ఏముంది?

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె సంగతి ఇంకా చిక్కు. యురేనియం కార్పొరేషన్ గనిలో ఖనిజం తవ్వి, శుద్ధి చేశాక మిగిలిన వ్యర్థపు బురదను టెయిలింగ్ పాండ్‌లోకి పంపుతారు. ఆ చెరువు చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ళు పాడయ్యాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. చెరువు అడుగున నీరు ఇంకకుండా వేయవలసిన పొర దగ్గరే పేచీ వచ్చింది. రైతు ఎవరినడగాలి? రాష్ట్ర మండలినడిగితే రేడియేషన్ మీ పరిధి అంటారు. మిమ్మల్ని అడగాలంటే ముంబయి దూరం, భాష దూరం. చెరువు కట్ట మీద నిలబడి మీ ఇన్‌స్పెక్టరు రాసుకున్నది ఆ రైతు చేతికి అందితే, నీళ్ళ పరీక్షల అంకెలు ఆరు నెలలకోసారి ఊళ్ళో చదివి వినిపిస్తే, ఆ అంకెలు మంచివైనా చెడ్డవైనా వాదనకు ఒక ఆధారం ఉంటుంది. ఆధారం లేనిచోట అనుమానం తప్ప ఏమీ మిగలదు.

అణు స్థావరం ఎప్పుడూ చూడని తెలుగువాళ్ళు కూడా మీ లైసెన్సు ఉన్న గదిలోకి ఏదో ఒక రోజు వెళ్తారు, ఎక్స్‌రే కోసమో సీటీ స్కాన్ కోసమో. మా వైపు ఒక చిన్న పట్నంలో, పేరు చెప్పను, అలాంటి ఒక గదిలో కొంతసేపు ఉన్నాను. నాలుగేళ్ళ పిల్లాడికి చెయ్యి విరిగింది. కదలకుండా పట్టుకోమని వాళ్ళమ్మను లోపలే ఉంచారు. ఆవిడ ఒంటిమీద సీసపు ఆప్రాన్ లేదు. ఆప్రాన్ ఉంది, తలుపు వెనక మడతలు పడి వేలాడుతోంది. ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క చెప్పే టీఎల్‌డీ బ్యాడ్జి టెక్నీషియన్ ఛాతీ మీద ఉండవలసింది, గోడకు కొట్టిన మేకుకు ఉంది. మూడు నెలలకోసారి ఆ బ్యాడ్జి లెక్క కట్టడానికి వెళ్తుంది, అంతా క్షేమం అని తిరిగొస్తుంది. అది కొలిచింది గోడకు తగిలిన మోతాదు.

ఈ బాధ కొత్తది కాదు. 2012లో కాగ్ మీ మండలి పనితీరు మీద ఇచ్చిన నివేదికలో దేశంలోని వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో దాదాపు 91 శాతం మీ దగ్గర నమోదే కాలేదని రాసింది. రాష్ట్రానికో రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ పెట్టమని 2001లో సుప్రీంకోర్టు చెబితే, కాగ్ చూసేనాటికి పెట్టినవి కేరళ, మిజోరం మాత్రమే. అప్పట్లో నియమాలు మీరితే వేయగల జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలు. కాగ్ నివేదికకు రెండేళ్ళ ముందే ఢిల్లీ మాయాపురి పాతసామాన్ల బజారులో ఘోరం జరిగి ఉంది. ఒక విశ్వవిద్యాలయం వాడకం మానేసిన యంత్రాన్ని తుక్కు కింద అమ్మితే, లోపలి కోబాల్ట్-60 విప్పిన కార్మికుల చేతులు కాల్చింది. ఒకరు చనిపోయారు. ఆ తరువాత మీరు లైసెన్సుల వ్యవస్థను ఆన్‌లైన్‌లోకి తెచ్చారు, నమోదు బాగా పెరిగింది, కొత్త చట్టం జరిమానాలూ పెంచింది. సంతోషం. కానీ నమోదు వేరు, తనిఖీ వేరు. మా జిల్లాలో మీ ఇన్‌స్పెక్టరు కిందటేడాది ఏయే కేంద్రాలకు వెళ్ళారో, ఎక్కడ ఏ లోపం రాశారో జిల్లా వైద్యాధికారి కార్యాలయం బోర్డు మీద పెడితే, ఆ తల్లికి ఆప్రాన్ ఇమ్మని అడిగే ధైర్యం వస్తుంది.

నివేదికలు బయట పెడితే జనం బెదిరిపోతారని మీ కార్యాలయంలో కొందరు అంటారని ఊహించగలను. మా తీరం నుంచి చూస్తే విషయం తలకిందులుగా కనిపిస్తుంది. కొవ్వాడలో ప్లాంటు వచ్చాక ఒక రోజు ఏదో పైపు కారిందని వాట్సాప్‌లో ఎవరో పెడతారు. మర్నాడు మా మత్స్యకారులు తెచ్చిన చేపను విశాఖలో ఎవరూ కొనరు. ఆ పైపు నిజంగా కారిందా, కారితే నీళ్ళలో ఏమైనా కలిసిందా అని చెప్పగల ఆధారం ఆ పూట వాళ్ళ చేతిలో ఉండాలి. ప్రతి అణు విద్యుత్ కేంద్రం దగ్గరా పర్యావరణ ప్రయోగశాల ఉంటుందనీ, చుట్టుపక్కల చేపలు, పాలు, నీళ్ళు, మట్టి తెచ్చి పరీక్షిస్తారనీ నాకు తెలుసు. దాన్ని నడిపేది కూడా అణుశక్తి శాఖవాళ్ళే, కాబట్టి ఆ అంకెల మీద మీ ముద్ర పడటం ఇంకా అవసరం. సాధారణ పౌరుడికి స్థావరం వల్ల ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ మించకూడదన్నది మీ నియమం. ఉద్యోగికి ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదంటారు. అంతర్జాతీయ సిఫారసు 50 దాకా ఒప్పుకుంటుంది, మీరే బిగుతుగా ఉన్నారు. ఇంత మంచి నియమం పెట్టుకుని, అది పాటించిన రుజువును అల్మరాలో ఉంచడం నాకు బాధగా ఉంది.

అమెరికాలో ప్రతి అణు విద్యుత్ కేంద్రంలోనూ నియంత్రణ సంస్థ ఇన్‌స్పెక్టర్లు అక్కడే మకాం ఉండి పనిచేస్తారు. వాళ్ళ నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. రక్షణకు సంబంధించినవి మాత్రం పక్కన పెడతారు. 2015లో వచ్చిన అంతర్జాతీయ బృందం మీ తనిఖీలు ఇంకా తరచుగా జరగాలని చెప్పాక మీరు కూడా కొన్ని స్థావరాల్లో పరిశీలక బృందాలను ఉంచడం మొదలుపెట్టారు. అది సరైన అడుగు. జపాన్ ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకుంది. ఫుకుషిమాకు ముందు అక్కడి భద్రతా సంస్థ, అణు విద్యుత్తును పెంచే మంత్రిత్వశాఖ లోపలే ఉండేది. ఆ విపత్తు మనుషుల చేతులారా జరిగిందనీ, నియంత్రించవలసినవాళ్ళు నియంత్రణలో ఉండవలసినవాళ్ళకు లొంగిపోయారనీ 2012లో వాళ్ళ పార్లమెంటు నియమించిన సంఘమే తేల్చి రాసింది. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త స్వతంత్ర సంస్థను పెట్టుకున్నారు. మనకు చేతులు కాలకముందే ఆకులు పట్టుకునే వీలుంది.

నేను అడిగే నివేదిక పెద్ద గ్రంథం కానక్కర్లేదు. తారీఖు, వెళ్ళినవాళ్ళ హోదా, చూసిన విభాగాలు, కనబడిన లోపం దాని తీవ్రతతో సహా, యాజమాన్యం ఇచ్చిన సంజాయిషీ, సరిచేయడానికి గడువు, సరిచేశారో లేదో తేల్చిన రెండో తనిఖీ. నాలుగు పేజీలు సరిపోతాయి. అనువాదానికి మా విశ్వవిద్యాలయాల్లో భౌతికశాస్త్రం తెలుగులో రాయగలవాళ్ళున్నారు. లోపాలేమీ లేవని రాసిన నివేదికైనా బయట పెట్టండి. ఏళ్ళ తరబడి లోపాలే లేని స్థావరం కనిపిస్తే, స్థావరం బాగుందా తనిఖీ పలచగా ఉందా అని అడిగే పాఠకులు మీకు దొరుకుతారు. వాళ్ళను విరోధులుగా చూడకండి. జీతం లేకుండా మీకు సాయపడేవాళ్ళు వాళ్ళు.

కొవ్వాడలో స్థల అనుమతి, నిర్మాణ అనుమతి, తరువాత ప్రారంభ అనుమతి అంటూ మీ దగ్గర ఎన్నో మెట్లున్నాయి. మొదటి కాంక్రీటు పడకముందే ఈ పద్ధతి అమల్లోకి రావాలని కోరుతున్నాను. అందుకు కొవ్వాడ దాకా ఆగనక్కర్లేదు. తుమ్మలపల్లె, మణుగూరు, హైదరాబాద్ ఫ్యూయల్ కాంప్లెక్స్, ఈ మూడింటిలో మీ ఇన్‌స్పెక్టర్లు ఇటీవల చేసిన తనిఖీల నివేదికలు మీ దగ్గర సిద్ధంగానే ఉండి ఉంటాయి. ముందుగా వాటిని తెలుగులో ఇవ్వండి. వేముల మండల కార్యాలయంలో ఒక ప్రతి, అశ్వాపురంలో ఒకటి, మౌలాలిలో ఒకటి ఉంచితే చాలు. రణస్థలం నుంచి మేమే వెళ్ళి చదువుకుని వస్తాం.

భవదీయుడు,
శ్రీకాకుళం జిల్లా తీరప్రాంత పౌరుడు